పే స్లిప్పే వాచకం

నెల తిరిగేసరికి పే స్లిప్ చేతికొస్తుంది. చాలామంది కార్మికులు అడుగున ఉన్న అంకె ఒక్కటి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుంటారు. మధ్యలోని కోతల గురించి సూపర్‌వైజర్ చెప్పిందే వేదం. పనిచోట చదువు, లెక్కల విషయంలో అపోహలు అటు యాజమాన్యాలకూ ఉన్నాయి, ఇటు కార్మికులకూ ఉన్నాయి.

అపోహ: సంతకం వస్తే చదువు వచ్చినట్టే.

వాస్తవం: 2011 జనగణన ప్రకారం ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. ఆ లెక్కన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67 శాతం దగ్గరే ఆగింది.

అపోహ: చదువు రాకపోతే లెక్కా రాదు.

వాస్తవం: బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలను పరిశోధకులు పరీక్షించారు. బేరం మధ్యలో అడిగితే 98 శాతం సరైన జవాబులు. అవే లెక్కలు కాగితం మీద ఇస్తే 37 శాతమే! 1985లో ప్రచురించిన అధ్యయనమిది. మన తాపీమేస్త్రీలూ అంతే. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో నిలబడి చెప్పేస్తారు. చిక్కంతా నోటిలెక్కను కాగితానికి ఎక్కించడంలోనే.

అందుకు పే స్లిప్‌ను మించిన వాచకం లేదు. జీతం 14,000, అందులో మూలవేతనం, డీఏ కలిపి 12,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే 1,440. ఈఎస్ఐ మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 105. చేతికి రావాల్సింది 12,455. శాతాలు, దశాంశాలు, తీసివేత... మూడు పాఠాలూ ఒక్క కాగితంలోనే. పైగా సొంత డబ్బు కాబట్టి ఎవరికీ కునుకు పట్టదు.

అపోహ: వయసు మీరాక అక్షరాలు తలకెక్కవు.

వాస్తవం: 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో టీసీఎస్ మొదలుపెట్టిన వయోజన విద్యలో పదాలను బొమ్మల్లా గుర్తుపట్టడం నేర్పారు. పత్రిక చదవడానికి సుమారు 40 గంటల తరగతులు చాలన్నది ఆ పద్ధతి లక్ష్యం.

అపోహ: చదువు నేర్పితే కూలీలు ఎదురు ప్రశ్నలు వేస్తారు.

వాస్తవం: ఇది మాత్రం అపోహ కాదు! నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. పే స్లిప్ చదవడం వచ్చిన కార్మికుడు ముందుగా అడిగేది బహుశా ఓవర్‌టైమ్ గురించే. ఫ్యాక్టరీల్లో దానికి చట్టప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి.