వీణకు మేళము కట్టుట

సిద్దిపేటలో గొల్లభామ చీర నేయుటను పుస్తకము చూచి నేర్చినవారు కలరా యని యడిగినచో సోదరీమణులు నవ్వుదురు. అయినను వాద్యములు చేయుటకు మాత్రము పుస్తకములు చాలునని కొందఱు తలంచుచున్నారు. గిటారు విషయమున నిందు కొంత నిజము లేకపోలేదు. దాని మెట్లు లెక్కకు లొంగును. మ్రోగు తీగె పొడవును 17.817తో భాగించినచో, పైమొదలునుండి మొదటి మెట్టు దూరము తేలును. మిగిలిన పొడవును మరల నట్లే భాగించుచు పోవలెను. కాని ముందుపలక నెంత పలుచగా చిత్రిక పట్టవలెనో గ్రంథము చెప్పజాలదు. వ్రేలితో తట్టి వినవలసినదే.

మన వీణ యింకను మొండిది. బొబ్బిలి చెంత గొల్లపల్లి శిల్పులు ఒక్క పనసదుంగలోనే కుండను, దండిని తొలుచుదురు. ఉలి యొకింత లోతుగా దిగెనా, దుంగయంతయు వ్యర్థము! అతుకులేని యీ వీణనే ఏకాండి యందురు. అటుపిమ్మట మేళము. దండికి రెండు ప్రక్కల మసి కలిపిన తేనెమైనమును గట్టుగా పెట్టి, దానిపై 24 మెట్లను చెవితో నిలుపుదురు. వెండ్రుకవాసి జరిగినను అపస్వరమే. ఏండ్లకొలది గురువు ప్రక్కన కూర్చుండి వినినవారికే యిది పట్టుబడును.

ఎండకు మైనము మెత్తబడును. వాడుకకు మెట్లు అరుగును. అప్పుడు మేళము మరల కట్టింపవలసినదే. కట్టువారు దొరకనిచో ఎంత మంచి వీణయు మూలపడును. కనుక వీణను పొయ్యి చెంతను, ఎండ పడు కిటికీ చెంతను ఉంచకుడు. మేళము కట్టువాడు వచ్చినపుడు కాఫీ యిచ్చి లోనికి పోక, వీణ నేర్చు పిల్లను అతని ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఏ మెట్టును ఎంత జరిపిన స్వరము కుదిరెనో విననిండు.