పట్టా ఒకటి, వృత్తి మరొకటి

ఎస్.ఆర్. నగర్ వసతిగృహాలలో ఉంటూ పోటీపరీక్షలకు సిద్ధమయ్యే వ్యవసాయ పట్టభద్రులను చూసి, వారు తమ శాస్త్రాన్ని విడిచిపోతున్నారని ఆచార్యులు వాపోవడం కద్దు. ఈ ఆక్షేపణ సగమే సమంజసం. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని పరిశీలిస్తే, అక్కడ రసాయన ఇంజనీరింగు అభ్యసించిన హర్ష భోగ్లే క్రికెట్ వ్యాఖ్యాత అయ్యారు. ఆకాశవాణిలో వ్యాఖ్యానానికి ఆయన శ్రీకారం చుట్టింది 19వ ఏటనే. ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ 2007లో అడోబీ సంస్థ అధిపతి అయ్యారు. రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాల సైతం 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు ఉస్మానియా పరిధిలోనిదే.

పంటరుణం మంజూరుచేసే బ్యాంకు అధికారికి నేల స్వభావం, పంటకాలం తెలిసివుంటే రైతుకు వాయిదా గడువు సక్రమంగా కుదురుతుంది. అటువంటి పట్టభద్రుడు వ్యవసాయానికి దూరమైనట్లు భావించరాదు. పరిశోధనాభిలాష ఉన్న విద్యార్థి ఉపకారవేతనం చాలక ఆ బాట పడితే మాత్రం, వాపోవలసినదే.