గాలిగొట్టంలో చమురు: కారణ విచారణ

పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి ఆరంభమైన పిమ్మట కారు యంత్రం మన ప్రాంతపు విద్యార్థులకు దూరపు వస్తువు కాదు. అయినను, కర్మాగారం నుండి వెలువడే కొత్త కారు కంటె హిందూపురం, ధర్మవరం షెడ్లకు వచ్చే పాత కారే మనకు ఎక్కువ పాఠాలు చెప్పగలదని మా అభిప్రాయం. అట్టి పాఠం ఒకటి ఇక్కడ వివరించదలచాము.

ఎయిర్ ఫిల్టరు నుండి ఇంజనుకు పోయే గొట్టాన్ని ఊడదీసినపుడు లోపల నల్లని జిడ్డు కనిపించడం కద్దు. చూచిన వెంటనే "రింగులు పోయినవి, బోరు చేయించవలె" అని తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పు ఖరీదు వేల రూపాయలు. నిజమైన దోషమో, అరచేతిలో ఇమిడే వాల్వు కావచ్చును.

సిలిండరులో మండిన వాయువులలో కొంత భాగం పిస్టను రింగులను దాటి క్రిందనున్న క్రాంకు పెట్టెలోనికి జారుతుంది. కొత్త ఇంజనులోను ఇది తప్పదు. పూర్వం ఆ వాయువులను ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదికే వదిలేవారు. కాలుష్యాన్ని అరికట్టుటకై 1960 దశకపు తొలినాళ్లలో అమెరికాలో వాటిని తిరిగి ఇంజనులోనికే పంపి దహింపజేసే పద్ధతి వాడుకలోనికి వచ్చింది. పి.సి.వి. వాల్వు చేసే పని ఇదే. ఆ వాయువుల వెంట చమురు తుంపరలు కూడ వస్తాయి. కనుక పలుచని పొర దోషం కాదు. మడుగు కట్టిన చమురు దోషం.

మొదట సమతల స్థలంలో ఇంజను ఆపి, కొంతసేపటికి డిప్‌స్టిక్‌తో చమురు మట్టం చూడవలె. గీతను మించి పోసిన చమురు నురగై పైకి వస్తుంది. పిమ్మట, ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా వాల్వు కొసన వ్రేలు పెడితే పీల్పు తెలియవలె. తెలియకపోతే దారి మూసుకొన్నదని అనుమానించవచ్చు. లోపల ఒత్తిడి పెరిగి, చమురు వెనుదిరిగి ఫిల్టరు వైపు తన్నుకొస్తుంది. మన ఎర్రదుమ్ము పట్టిన ఫిల్టరు కూడ పీల్పును పెంచి చమురును లాగుతుంది. దీనిని చాలమంది మరచిపోతారు.

పొగ మరొక సాక్షి. పెనుకొండ కొండ నుండి గేరులో దిగివచ్చి, యాక్సిలరేటరు త్రొక్కగానే నీలిపొగ వస్తే వాల్వు సీళ్లను అనుమానించాలి. బరువు లాగేటపుడు ఎడతెగక వస్తే రింగులను. నిర్ధారణకు కంప్రెషన్ పరీక్ష కలదు: ఒత్తిడి తక్కువగా ఉన్న సిలిండరులో చెంచాడు చమురు పోసి మరల కొలిచినపుడు అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులదో, గాస్కెట్‌దో. ఈ పరీక్ష జరుపకుండా ఇంజను విప్పనీయరాదు.

టర్బో ఉన్న బండ్లలో దాని ఇరుసు సీలు ద్వారా, లేక చమురు తిరిగిపోయే గొట్టం పూడుకొన్నందున కూడ చమురు చేరవచ్చును. 2019 నాటి సెల్టోస్‌లోని 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను వలె ఇంధనాన్ని నేరుగా సిలిండరులోనే చిమ్మే ఇంజన్లలో, పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను కడుగదు. కాబట్టి ఈ జిడ్డు అక్కడ మసిగా గట్టిపడే వీలున్నది. ఇది ఏ ఒక్క సంస్థ లోపమో కాదు, ఆ పద్ధతి స్వభావం.

డీజిలు ఇంజనులో మాత్రం ప్రమాదం వేరు. గాలితో చేరిన చమురే ఇంధనమై, తాళం త్రిప్పినా ఇంజను ఆగక వేగం హెచ్చుతుంది. అపుడు పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్ వదలి ఆపవలె. లేదా గాలిదారిని పలకతో మూయవలె. చేయి మాత్రం అడ్డుపెట్టరాదు.