మాక్ మినీ చాలదూ?

పిల్ల పదకొండో తరగతికి వచ్చి కంప్యూటర్ సైన్స్ తీసుకుందంటే ఇంట్లో కంప్యూటర్ మాట తప్పదు. సీబీఎస్ఈలో ఇప్పుడు పైథాన్, మైఎస్‌క్యూఎల్ చెబుతున్నారు. వాటికి ఫోనూ, ట్యాబూ చాలవు. ల్యాప్‌టాప్ అయితే పడకగదిలోకి వెళ్లిపోతుంది, డెస్క్‌టాప్ అయితే హాల్లో అందరి కళ్లముందూ ఉంటుందని మేము రెండోదే అనుకున్నాం. మావారికి ఆపిల్ మీద మనసు. మెసయీద్ నుంచి దోహా 40 కిలోమీటర్లు. అంతదూరం వెళ్లి సేల్స్‌మన్ ఏది చూపిస్తే దానికి తలూపకుండా, ముందే కాగితం మీద లెక్క వేశాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

డాలర్‌కి 3.64 రియాళ్లన్నది స్థిరమైన రేటు కాబట్టి లెక్క సులువు. అమెరికాలో విడుదలైనప్పటి ధరలు తీసుకుంటే, 2024లో వచ్చిన ఎం4 మాక్ మినీ 599 డాలర్లు, అంటే దాదాపు 2,180 రియాళ్లు. 24 అంగుళాల ఐమాక్ 1,299 డాలర్లు, సుమారు 4,730 రియాళ్లు. 2025లో వచ్చిన మాక్ స్టూడియో 1,999 డాలర్లతో మొదలైంది. అందులోనే ఎం3 అల్ట్రా చిప్ ఉన్నది 3,999, అంటే పద్నాలుగున్నర వేల రియాళ్లు! షాపు ధర దీనికి కాస్త అటూఇటూగా ఉంటుంది.

ధర ఆరున్నర రెట్లయితే వేగం కూడా ఆరున్నర రెట్లా? కాదు. మన పొయ్యి సంగతే చూడండి. రెండు బర్నర్ల పొయ్యి మీద గిన్నెడు పప్పు ఎంతసేపట్లో ఉడుకుతుందో, ఆరు బర్నర్ల పొయ్యి మీదా అంతసేపట్లోనే ఉడుకుతుంది. పెళ్లి వంట అయితేనే ఆరూ వెలుగుతాయి. చిప్‌లో కోర్లు కూడా అంతే. వెబ్ పేజీ తెరవడం, వర్డ్‌లో రాయడం, పిల్లల పైథాన్ ప్రోగ్రాములు ఎక్కువగా ఒక్క కోరు వేగం మీద నడిచే పనులు. ఆ ఒక్క కోరు పరుగులో ఎం4, ఎం4 మాక్స్ ఇంచుమించు సమానం. ఇంకో విచిత్రం, ఎం3 అల్ట్రా పాత తరం కోర్లతో చేసింది కాబట్టి ఈ ఒక్క విషయంలో చవకైన మినీ కన్నా వెనకే. రోజూ గంటల తరబడి వీడియోలు ఎడిట్ చేసేవారికీ, పెద్ద ఏఐ మోడళ్లు ఇంట్లోనే నడుపుకునేవారికీ స్టూడియో నిజంగానే అవసరం. మన ఇళ్లలో అలాంటివారు ఎందరు?

అసలు కిటుకు చిప్‌లో లేదు, మెమొరీలో, స్టోరేజీలో ఉంది. మెమొరీ అంటే వంటగట్టు, స్టోరేజీ అంటే అటక. విడుదలైనప్పుడు మొదటి ధర మినీలో గట్టు 16 జీబీ, అటక 256 జీబీ. అప్పటి ధరల్లో గట్టుని 24కి పెంచితే 200 డాలర్లు, అటకని 512కి పెంచితే మరో 200. రెండూ కలిపితే యంత్రం ధరలో మూడింట రెండు వంతులు! కంపెనీలకి లాభం ఎక్కడుంటుందో ఇక్కడే తెలుస్తుంది. గట్టు తర్వాత పెంచుకోలేం, కొన్నప్పుడే నిర్ణయించుకోవాలి. కానీ మన పనులకి 16 బాగానే సరిపోతుంది. అటక సంగతి వేరు. ఫోటోలు, పెళ్లి వీడియోలు బయట ఎస్ఎస్‌డీలో పెట్టుకోవచ్చు. దానికి ఆపిల్ అడిగే దానిలో చాలా తక్కువే అవుతుంది.

అయితే మినీ ధర చూసి మురిసిపోకండి. ఆ డబ్బాలో మానిటర్, కీబోర్డు, మౌస్ ఏవీ రావు. కెమెరా లేదు, మైకూ లేదు. ఊళ్లో అమ్మతో వీడియోలో మాట్లాడాలంటే వెబ్‌క్యామ్ కొనాలి, లేదా ఐఫోన్‌నే కెమెరాగా వాడుకోవాలి. పాత పెన్‌డ్రైవ్ నేరుగా పట్టదు, అడాప్టర్ కావాలి. ఇంట్లో ఇవేవీ లేకపోతే ఐమాక్‌తో తేడా బాగా తగ్గిపోతుంది. పైగా దాని 4.5కే తెర అందం దానిదే. నాకు మాత్రం రెండు విషయాలు నచ్చలేదు. మొదటి ధర ఐమాక్‌లో కోర్లు 8, అంతకన్నా చవకైన మినీలో 10. రెండోది, కొన్నేళ్లకి లోపలి కంప్యూటర్ పాతబడితే ఆ చక్కటి తెరని ఇంకో కంప్యూటర్‌కి మానిటర్‌గా పెట్టుకోలేం. మా ఇంట్లో మానిటర్ ముందే ఉంది కాబట్టి మాకు మినీయే లాభం. మిగిలిన డబ్బు వేసవి టిక్కెట్లకి వెళ్లింది.

మెసయీద్ వాళ్లకి ఇంకో మాట. షమాల్ గాలి లేచిందంటే కిటికీలు మూసినా ఇసుక లోపలికి వస్తుందని మీకు చెప్పక్కర్లేదు. మినీ గాలి పీల్చేదీ వదిలేదీ అడుగు నుంచే. దాన్ని నేల మీదా, తివాచీ మీదా పెట్టకండి. బల్ల మీద పెట్టి, వారానికోసారి ఎత్తి కింద తుడవండి. పవర్ బటన్ కూడా అడుగునే ఉంది, ఎందుకలా పెట్టారో వాళ్లకే తెలియాలి.

మావారి కాంట్రాక్టు ఎప్పటికప్పుడు పొడిగిస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం గురించి కూడా ఆలోచించాను. మినీ 100 నుంచి 240 వోల్టుల వరకూ పనిచేస్తుంది. ఇక్కడి మూడు చదరపు పిన్నుల తీగ తీసేసి, విజయవాడలో టేప్‌రికార్డర్లకి వాడే రెండు గుంతల తీగ లాంటిది పెట్టుకుంటే చాలు. అరచేతి వెడల్పున్న పెట్టె కాబట్టి చేతిసంచిలోనే పట్టేస్తుంది. ఐమాక్ అయితే అట్టపెట్టె దాచిపెట్టాలి, కార్గో వాళ్లతో బేరమాడాలి.