ఫోటో నిర్వహణ సాఫ్టువేరు మార్పిడి

ఫోటో నిర్వహణ సాఫ్టువేరు మార్పిడి అనగా డిజిటల్ ఫోటోలను భద్రపరచి, వర్గీకరించి, సరిదిద్దుకొనుటకు అలవాటుపడిన ఒక సాఫ్టువేరును విడిచి మరొకదానికి మారడం. ఫోటోల ఫైళ్ళు ఒక చోటి నుండి మరొక చోటికి తేలికగానే వెళతాయి. వాడుకరి ఏళ్ళ తరబడి వాటికి చేర్చిన వ్యాఖ్యలు, మనుషుల పేర్లు, ఆల్బములు, దిద్దుబాట్లు మాత్రం అన్నీ వెంట రావు. ఏది వస్తుంది, ఏది రాదు అన్నది పాత సాఫ్టువేరు ఆ సమాచారాన్ని ఎక్కడ దాచింది అనేదాని మీద ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

డిజిటల్ కెమేరాలు ఇళ్ళలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో ఫోటోలను ఫోల్డర్లలో వేసుకోవడమే పద్ధతిగా ఉండేది. 2002లో యాపిల్ కంప్యూటర్లకు ఐఫోటో, విండోస్ కంప్యూటర్లకు పికాసా వచ్చాయి. లైఫ్‌స్కేప్ అనే సంస్థ తయారుచేసిన పికాసాను 2004 జూలైలో గూగుల్ కొనుగోలు చేసి ఉచితంగా అందించింది. వృత్తి ఛాయాగ్రాహకుల కొరకు 2005లో యాపిల్ వారి అపెర్చర్, 2007 ఫిబ్రవరిలో అడోబీ వారి లైట్‌రూమ్ విడుదలయ్యాయి. లినక్స్ వాడుకరులు 2001లో మొదలైన డిజికామ్‌ను ఎక్కువగా వాడేవారు. తరువాత అది విండోస్‌లోనూ పనిచేస్తోంది.

వీటిలో కొన్ని ఆగిపోవడంతో చాలామంది ఇష్టం లేకపోయినా మారవలసి వచ్చింది. ఐఫోటో, అపెర్చర్‌ల అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు యాపిల్ 2014 జూన్‌లో ప్రకటించి, 2015 ఏప్రిల్‌లో వాటి స్థానంలో ఫోటోస్ అనే సాఫ్టువేరును తెచ్చింది. పికాసాను ఆపివేస్తున్నట్లు గూగుల్ 2016 ఫిబ్రవరి 12న ప్రకటించింది. ఆ యేడు మార్చి 15 తరువాత దానికి కొత్త కూర్పులు రాలేదు. అప్పటికే స్థాపించుకొన్న వారి కంప్యూటర్లలో అది పనిచేస్తూనే ఉండడం వలన చాలామంది మార్పిడిని వాయిదా వేశారు. ఆ కంప్యూటరు పాడైన రోజున గాని ఏమి పోయిందో తెలియలేదు.

పికాసా దాచిన సమాచారం

పికాసా అసలు ఫోటోను ముట్టుకోదు. అంచులు కత్తిరించినా, వెలుగు పెంచినా, ఎర్రబడిన కళ్ళను సరిచేసినా ఆ మార్పులను ఫైలులో చేయక, అదే ఫోల్డరులో ".పికాసా.ఐఎన్ఐ" అనే దాగి ఉన్న చిన్న ఫైలులో ఆదేశాలుగా వ్రాసుకొంటుంది. తెర మీద చూపేటప్పుడు అసలు ఫోటోకు ఆ ఆదేశాలను వర్తింపజేసి చూపుతుంది. ఎన్ని మార్పులు చేసినా అసలు ఫోటో చెక్కుచెదరదు కాబట్టి ఇది తెలివైన ఏర్పాటే. చిక్కు ఏమిటంటే, ఆ ఆదేశాలు పికాసాకు తప్ప వేరే సాఫ్టువేరుకు అర్థం కావు. అదే ఫోల్డరును మరొక దానిలో తెరిస్తే దిద్దుబాట్లు లేని పాత ఫోటోలే కనిపిస్తాయి.

దీనికి విరుగుడు పికాసాలోనే ఉన్న "సేవ్" మీట. దానిని నొక్కితే దిద్దిన రూపం ఫైలులోకి చేరుతుంది. అసలు ఫోటో ".పికాసాఒరిజినల్స్" అనే దాగి ఉన్న ఉపఫోల్డరులోకి వెళుతుంది. పనికిరానిదనుకొని ఆ ఉపఫోల్డరును తుడిచివేస్తే అసలు ఫోటోలు పోతాయి. అలాగని వదిలేస్తే, దాగి ఉన్న ఫోల్డర్లను కూడా చదివే సాఫ్టువేరులలో ఒకే ఫోటో రెండుసార్లు కనిపిస్తుంది.

జేపెగ్ ఫోటోల క్రింద వ్రాసిన వ్యాఖ్యలు, కీలకపదాలు ఫైలులోనే ఉంటాయి కనుక ఇతర సాఫ్టువేర్లు వాటిని చదవగలవు. నక్షత్రం గుర్తులకు, ఆల్బములకు ఆ భాగ్యం లేదు. 2009లో ముఖాలను గుర్తుపట్టే సౌకర్యం వచ్చాక చేర్చిన పేర్లు కూడా మొదట్లో ఫోటోలోకి చేరేవి కావు. తరువాతి కూర్పులలో పేర్లను ఫోటోలోనే వ్రాసే ఎంపిక వచ్చినా, వాడుకరి దానిని స్వయంగా ఎంచుకోవాలి. పాత పెళ్ళి ఫోటోలను స్కాన్ చేయించి, ఇంట్లోని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క ముఖానికి పేరు వ్రాసుకొన్న కుటుంబాలకు ఈ ఎంపిక అన్నిటికంటే ముఖ్యమైనది. పోయిన ఆల్బమును మళ్ళీ పేర్చుకోవచ్చు, పేర్లు చెప్పిన పెద్దవారు మళ్ళీ దొరకకపోవచ్చు.

కేటలాగు పద్ధతి

పికాసా వాడుకరికి లైట్‌రూమ్‌లో మొదట ఎదురయ్యే ఇబ్బంది "ఇంపోర్టు". పికాసా ఫోల్డర్లను తానే గమనిస్తూ కొత్త ఫోటోలను చూపుతుంది. లైట్‌రూమ్‌కు ప్రతి ఫోటోనూ పరిచయం చేయాలి. అది ఫోటోల వివరాలను కేటలాగు అనే డేటాబేసులో వ్రాసుకొంటుంది. ఫోటోలు మాత్రం కేటలాగులో ఉండవు. ఇంపోర్టు చేసేటప్పుడు "యాడ్" అనే ఎంపిక ఉంటే ఫైళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. ఫోటోలు లోపలికి చేరిపోయాయనుకొని పాత ఫోల్డరును తుడిచివేసిన వారికి చివరకు చిన్న నమూనా బొమ్మలు, ఫైలు దొరకడం లేదనే గుర్తు మాత్రమే మిగులుతాయి. ఈ సాఫ్టువేరుకు కొత్తగా మారినవారు చేసే పొరపాట్లలో ఇంతకు మించిన నష్టం కలిగించేది లేదు. ఫోల్డర్ల పేర్లు మార్చడం, చోటు మార్చడం కూడా లైట్‌రూమ్ లోపలి నుండే చేయాలి.

దిద్దుబాట్లను, కీలకపదాలను ఎక్స్ఎంపీ రూపంలో ఫైళ్ళలోకి తానే వ్రాసే ఎంపిక లైట్‌రూమ్‌లో ఉన్నది కాని, మొదట అది ఆపివేసి ఉంటుంది. దానిని అమలుచేసినా కలెక్షన్లు, నకలు రూపాలు కేటలాగులోనే ఉండిపోతాయి.

ఐఫోటో నుండి ఫోటోస్‌కు మార్పు ఇంతకంటే సులువైనది. ఐఫోటో, అపెర్చర్‌లలో ఇచ్చిన నక్షత్రాల శ్రేణి ఫోటోస్‌లో కీలకపదాలుగా మారుతుంది. మారిన తరువాత లైబ్రరీలు రెండు కనిపించడంతో డిస్కు సగం నిండిపోయిందని వాడుకరులు కంగారుపడుతుంటారు. నిజానికి ఫోటోల ఫైళ్ళను రెండు లైబ్రరీలూ పంచుకొంటాయి కనుక పాతదాన్ని తుడిచివేసినా మిగిలే చోటు స్వల్పమే.

గూగుల్ ఫోటోస్

పికాసాకు బదులుగా గూగుల్ సూచించిన గూగుల్ ఫోటోస్ 2015 మే నెలలో మొదలయింది. 16 మెగాపిక్సెళ్ళ వరకు ఫోటోలను పరిమితి లేకుండా ఉచితంగా దాచుకొనే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. ఇది కంప్యూటరులోని ఫోల్డర్లను చూపే సాఫ్టువేరు కాదు. ఫోటోలన్నిటినీ తేదీల వరుసలో పెడుతుంది. ఫోనులోని ఈ అప్లికేషనులో, అప్పటికే సర్వరుకు చేరిన ఫోటోను తొలగిస్తే ఫోనులో నుండి కూడా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది. సర్వరులో ఒక ప్రతి, ఫోనులో ఒక ప్రతి వేరువేరుగా ఉన్నాయనే భావన ఇక్కడ పనికిరాదు.

ఇందులో నుండి ఫోటోలను వెనక్కు తెచ్చుకొనుటకు టేకౌట్ అనే సేవ ఉన్నది. అయితే ఇక్కడ వ్రాసిన వివరణలు, సరిచేసిన తేదీలు ఫోటోలో ఉండక, దాని పక్కన ఒక జేసన్ ఫైలులో వస్తాయి.

స్కాన్ చేసిన ఫోటోలకు తేదీల వరుస మరొక చిక్కు తెస్తుంది. 1962లో తీసిన ఫోటోను 2008లో స్కాన్ చేస్తే చాలా సాఫ్టువేర్లు దానిని 2008లోనే చూపుతాయి. ఫోల్డరు పేరులో సంవత్సరం వ్రాసుకోవడం పికాసాలో సరిపోయేది. ఇక్కడ ఫోటో తీసిన తేదీని ఫైలులోనే సరిచేయాలి.

తెలుగులో వ్రాసిన వ్యాఖ్యలు

ఫోటోలోపల సమాచారాన్ని వ్రాసే పద్ధతులు మూడు: ఎక్సిఫ్, ఐపీటీసీ, ఎక్స్ఎంపీ. ఎక్సిఫ్‌లోని సాధారణ పాఠ్య గడులు ఆంగ్ల అక్షరాల కొరకే ఉద్దేశించినవి. 2023లో వచ్చిన 3.0 కూర్పుతో గాని వాటిలో యూటీఎఫ్-8కు అధికారికంగా చోటు దొరకలేదు. పాత ఐపీటీసీ పద్ధతిలో ఏ సంకేతలిపి వాడారో ఫైలులో ప్రకటించాలి. ఆ ప్రకటనను పట్టించుకోని సాఫ్టువేరులో తెలుగు వ్యాఖ్య అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది.

అంతకంటే తక్కువమందికి తెలిసినది పొడవు పరిమితి. పాత ఐపీటీసీలో ఒక కీలకపదానికి 64 బైట్లే అనుమతి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్క దానికి మూడు బైట్లు పడతాయి. "రాజమహేంద్రవరం గోదావరి పుష్కరాలు" అనే కీలకపదానికి 89 బైట్లు కావాలి. 64 దగ్గర కత్తిరిస్తే పుష్కరాలు అనే మాట పూర్తిగా పోతుంది. ఎక్స్ఎంపీలో ఈ పరిమితి లేదు. కనుక తెలుగులో వ్రాసుకొనేవారు ఎక్స్ఎంపీని చదివి వ్రాయగల డిజికామ్ వంటి సాఫ్టువేరును ఎంచుకోవడం మేలు.

మారే ముందు

మార్పిడికి ముందు ఫోటోలన్నిటినీ, దాగి ఉన్న ఫైళ్ళతో సహా, వేరొక డిస్కులోకి నకలు తీసుకోవాలి. దాగి ఉన్న ఫైళ్ళను కనబడేలా చేయకుండా, కంటికి కనిపించిన ఫోటోలను మాత్రమే ఎంచుకొని నకలు తీస్తే పికాసా ఆదేశాలు మిగలవు. తరువాత ఒక చిన్న ఫోల్డరును కొత్త సాఫ్టువేరులో తెరిచి, దిద్దిన ఫోటో ఒకటి, తెలుగు వ్యాఖ్య ఉన్నది ఒకటి, ముఖాలకు పేర్లు వ్రాసినది ఒకటి సరిగా వచ్చాయో లేదో చూడాలి. అవి సరిగా వచ్చిన తరువాతనే మిగిలిన ఫోల్డర్లను చేర్చడం మంచిది. పేర్లు రాకపోతే వాటిని పాత సాఫ్టువేరులో చూసి వ్యాఖ్యగా వ్రాసుకోవచ్చు. ఆ పని పూర్తయ్యేవరకు పాత సాఫ్టువేరును తీసివేయకూడదు.