చర్చిలో వందనాలు, తహసీల్ ఆఫీసులో మౌనం

పత్తి ఏరే కాలంలో నర్సింహులపేట మండలంలోని మాదిగవాడలు, మాలవాడలు చీకటితోనే లేస్తాయి. పొయ్యి వెలిగించే ముందు ప్రార్థన చేసుకునే ఇళ్లు ఆ వాడల్లో ఉన్నాయి. అది పెద్ద ప్రార్థనేమీ కాదు. పిల్లకు జ్వరం తగ్గాలి, వాన పడి పత్తి తడవొద్దు, కూలి పైసలు ఆగొద్దు, తాగొచ్చిన మనిషి చెయ్యెత్తొద్దు. అడిగేవి ఇవే. రాత్రి ఎవరో ఒకరింట్లో గృహ కూడిక జరుగుతుంది. చాప పరిచి, పదిమంది కూర్చుని, కంజీర కొట్టి పాడతారు. అక్షరం ముక్క రాని తల్లులకు కూడా పాటలన్నీ నోటికొస్తాయి.

బయటివాళ్లు దీన్ని 'మతం మారినోళ్ల' వ్యవహారం అంటారు, లేదంటే బియ్యం కోసం, పాలపొడి కోసం అంటారు. ఆ మాటలు అనేవాళ్లు ఒక్క కూడికలోనైనా కూర్చున్నారా అని నాకు అనుమానం. దొర ముందు 'నీ బాంచన్, కాల్మొక్తా' అనకుండా నిలబడలేని రోజులు చూసిన నేల ఇది. అలాంటి చోట పెద్దమనిషికీ పసిపిల్లకీ ఒకే మాట, 'వందనాలు'. వంగాల్సిన పని లేదు. ఆ పలకరింపులో ఎంత ఊరట ఉందో వంగిన నడుముకే తెలుస్తుంది.

తెలుగు బైబిల్లో శాంతిని 'సమాధానం' అంటారు. మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు. మన వాడల్లో ఈ రెండర్థాలూ కలిసిపోయాయి. ప్రార్థన చేశాక మనసుకు సమాధానం దొరికిందంటారు. తహసీల్ ఆఫీసులో మాత్రం నూటపాతికేళ్ల చరిత్ర ఉన్న ఈ విశ్వాసానికి ఇంకా సమాధానం దొరకలేదు.

ఆ చరిత్రకు కేంద్రం దూరమేమీ కాదు. నర్సింహులపేట ఏ అసెంబ్లీ నియోజకవర్గంలో ఉందో ఆ డోర్నకల్లే. 1903లో తిరునెల్వేలిలో తమిళ క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనికి నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య నాడార్ కుటుంబం నుంచి వచ్చినవాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్లే ఆయన ఊరు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుడి వాస్తు, మసీదు వాస్తు రెండూ కనిపిస్తాయి.

ఆయన కాలంలో సంఘంలో చేరినవాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు. దళితులు మూకుమ్మడిగా మతం మారడాన్ని గాంధీ విమర్శించాడు, అజరయ్య ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ వాదన అంతా వాళ్లకు నిజంగా అర్థమై చేరారా అన్న దాని మీద నడిచింది. అంటే అంటరానివాడికి సొంత మనసు ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. ఈనాటి 'బియ్యం క్రైస్తవులు' అన్న ఎగతాళి కూడా దాని కొనసాగింపే.

ఇక చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డ్ కులస్తులు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వారి సంతానం బీసీ-సి కిందకు వస్తారు. ఆ గ్రూపు రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ లేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా ప్రశ్నార్థకమే. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసును, ఆయన క్రైస్తవుడు కాబట్టి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. అంతకుముందు 2024 నవంబర్ 26న సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవం ఆచరిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది.

తిట్టేవాడు బాప్తిస్మ పత్రం అడిగి తిట్టడు. కొట్టేవాడికి మతం అక్కర్లేదు, వాడ చాలు. కానీ కేసు పెట్టాలంటే బాధితుడు ఆదివారం ఎక్కడికి వెళ్తాడో చెప్పాలి.

అందుకే చాలా ఇళ్లలో రెండు పేర్లుంటాయి. సంఘంలో పిలిచేది ఒకటి, బడి రిజిస్టర్‌లో ఉండేది ఒకటి. దీన్ని దొంగతనం అనేవాళ్లున్నారు. నా దృష్టిలో పౌరుణ్ని ప్రార్థనకూ స్కాలర్‌షిప్‌కూ మధ్య నిలబెట్టి ఒకటే ఎంచుకోమన్న ఉత్తర్వుదే తప్పు. మత స్వేచ్ఛ ఇచ్చిన 25వ అధికరణం, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం రెండూ ఒకే రాజ్యాంగంలో ఉన్నాయి. 17లో మతం ప్రస్తావనే లేదు. విద్యార్థులు వాదన మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.

చర్చిని కూడా వదిలిపెట్టకూడదు. మాల సంఘం, మాదిగ సంఘం అని వేర్వేరు ప్రార్థనా మందిరాలున్న ఊళ్లు మనకు తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర వందనాలు ఆగిపోతాయి. మతం మారినవాళ్ల పరిస్థితి గురించి రాస్తూ అంబేడ్కర్, మిషనరీలు చర్చిలో కులాన్ని పోగొట్టలేకపోయారనీ, క్రైస్తవులైన అంటరానివాళ్లు తమ హక్కుల కోసం గొంతెత్తడం లేదనీ విమర్శించాడు. పీఠాధిపత్యాల్లో దళితులు పైకి రావడానికి చాలా కాలం పట్టింది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ హోదా పొందిన మొదటి వ్యక్తి ఆయనే.

రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని 2007లోనే నివేదిక ఇచ్చింది. 2009లోనూ 2023లోనూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఆ హోదా కోరుతూ తీర్మానాలు చేసి ఢిల్లీకి పంపింది. సుప్రీంకోర్టులో 2004 నాటి పిటిషన్ ఉంది. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది, ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చింది.

ఈలోగా జూన్ వస్తుంది. అడ్మిషన్ల కాలం. రాత్రి కూడికలో బిడ్డ చదువు కోసం మోకాళ్ల మీద ప్రార్థించిన తల్లి, పొద్దున్నే మీసేవలో లైన్ కడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడు తలెత్తకుండానే అడుగుతాడు, 'మతం ఏం రాయాలమ్మా?' ఆమె బిడ్డ ముఖం వైపు చూస్తుంది.