పిల్లల కడుపులో పురుగులు – గొడ్లపాక, కాలవ, కొండ

"మాత్ర వేయించాం కదండీ, మళ్ళీ ఎలా వచ్చాయి?" కృష్ణా డెల్టాలోని గ్రామ సంఘములకు వెళ్ళినప్పుడు తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఒకరు గేదెల వల్ల అంటారు, ఒకరు కోతుల వల్ల అంటారు, ఒకరు బెల్లం ఎక్కువ తిన్నాడని పిల్లవాణ్ణే కోప్పడతారు. బెల్లం వల్ల పురుగులు పుట్టవు. రాత్రి పళ్ళు కొరికినంత మాత్రాన కడుపులో పురుగులున్నాయని కూడా చెప్పలేము. మరి గేదె సంగతి, కోతి సంగతి ఏమిటి? అందులో కొంత నిజమున్నది, కొంత లేదు. ఏది నిజమో తెలిస్తేనే మాత్ర వేయించిన ఫలం దక్కుతుంది.

ముందు మాత్ర గురించి. మన దేశంలో జాతీయ నులిపురుగుల నివారణ దినము 2015 ఫిబ్రవరి 10న మొదలైంది. ఏడాదికి రెండు విడతలుగా, ఫిబ్రవరిలోను ఆగస్టులోను, బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చే ఏర్పాటు ఇది. రెండేళ్ళు నిండిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఏడాది నుండి రెండేళ్ళ లోపు వారికి సగం. మంచి మందే. కాని అది ఆ రోజు కడుపులో ఉన్న పురుగులకే. రేపు నోట్లోకి పోబోయే గుడ్డును అది ఆపలేదు.

ఆ గుడ్డు ఎక్కడినుండి వస్తుంది? ఏలికపామునే తీసుకోండి. ఆడది ఒక్కటి రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికి వచ్చి, తడి నేలలో రెండు మూడు వారాలు పక్వమై, ఆ తరువాత ఏళ్ళ తరబడి మట్టిలో బ్రతికి ఉండగలవు. మట్టి చేతులతో అన్నం తిన్నా, కడగని ఆకుకూర తిన్నా లోపలికి పోతాయి. కొంకిపురుగు దారి వేరు. దాని పిల్లలు తడి మట్టిలో కాచుకొని ఉండి ఉత్త కాళ్ళతో నడిచేవారి చర్మంలోంచి దూరుతాయి. పేగులకు కరచుకొని రక్తం పీలుస్తాయి. ఒక్క పురుగు రోజుకు పీల్చేది కొద్దిగానే. కాని వందలుంటే? నాట్లకు, కలుపుకు పోయే మన అక్కచెల్లెళ్ళు ముఖం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ, "నీరసమండీ" అని ఊరుకుంటారు. ముడి బియ్యం నమిలే అలవాటు, పిల్లలకైతే మట్టి, బలపం తినే అలవాటు కూడా చాలాసార్లు ఈ రక్తహీనతలోనే కనబడుతుంది.

ఈ రెండు పురుగుల విషయంలో గేదెమీద నేరం మోపడం న్యాయం కాదు. మనలో ఉండే ఏలికపాములు, కొంకిపురుగులు ముఖ్యంగా మనిషి నుండి మనిషికే వస్తాయి. దూడలకూ ఏలికపాములున్నాయి గాని అవి వేరు జాతి. తల్లి గేదె ఒంట్లో నిద్రాణంగా ఉన్న పురుగు పిల్లలు పాల ద్వారా దూడకు చేరతాయి. అందుకే పుట్టి నెల తిరగని దూడ కూడా కంపుకొట్టే పారుడుతో ఎండిపోతుంది. పశువైద్యులు రెండో వారంలోనే నట్టల మందు పోయమనేది ఇందుకే. దూడ పోతే గేదె పాలు చేపడం కష్టం. పాడి మీద బ్రతికే ఇంట్లో ఇది పిల్లల ఫీజుకు, రేషనుకు సంబంధించిన మాట.

పంది విషయంలో కథ తలక్రిందులవుతుంది. సరిగా ఉడకని పందిమాంసంలో సగ్గుబియ్యపు గింజలవంటి గుల్లలు ఉంటే, తిన్నవాని పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అంతవరకు అందరికీ తెలుసు. కాని ఆ పురుగు గుడ్లు పెట్టేది మనిషి కడుపులోనే. అవి మనిషి మలంతో బయటికి వస్తే పంది తింటుంది. అంటే పందికి జబ్బు ఇచ్చింది మనమే. ఇంకొక సంగతి మరీ భయంకరమైనది. ఆ గుడ్లు చేతుల ద్వారానో, కూరగాయల ద్వారానో మనిషి నోట్లోకి పోతే ఆ గుల్లలు మెదడులో కట్టవచ్చు. ఫిట్స్ వస్తాయి. జన్మలో మాంసం ముట్టనివారికి కూడా ఇలా జరగవచ్చు. మన పల్లెల్లో ఫిట్స్ వస్తే గాలి సోకిందనో, దయ్యమనో అనేవారు ఇంకా ఉన్నారు. ప్రార్థించండి, ప్రార్థిస్తూనే పెద్దాసుపత్రికి తీసుకొనిపోయి తలకు స్కానింగు చేయించండి. మెదడులో గుల్లలున్నవారికి పురుగుల మందు డాక్టరు దగ్గరుండి చూస్తూ ఇవ్వవలసినదే గాని, దుకాణంలో కొని వేయకూడదు.

ఇక మనిషికి, పశువుకు, కోతికి నిజంగా ఉమ్మడి అయినవి కంటికి కనిపించని జీవులు. జియార్డియా అనేది ఒకటి. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వ్యాపారి తన స్వంత విరేచనాన్ని తాను చేసిన భూతద్దంలో పెట్టి చూసి దీనిని మొదట వర్ణించాడు. రెండవది క్రిప్టోస్పోరిడియం. పారుకుంటున్న లేగదూడ పేడలో ఇది కోట్ల సంఖ్యలో ఉండవచ్చు. వీటికి మట్టిలో వారాలు మాగవలసిన పని లేదు. విసర్జించిన నిమిషంలోనే అంటుకోగలవు. తెల్లవారి ఆ పేడే కలిపి ఉత్త చేత్తో కల్లాపి చల్లి, ఆ చేతితోనే చంటిపిల్లకు ఇడ్లీ తుంచి పెట్టే ఇల్లాలిని తలంచుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి సాధారణంగా విరేచనాలతో పోతుంది. బక్క పిల్లకు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి ప్రాణం మీదికి వస్తుంది.

నీళ్ళలో బ్లీచింగు వేశాము గదా అనుకోవద్దు. క్రిప్టోస్పోరిడియంను క్లోరిన్ సులభంగా చంపలేదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, శుద్ధిచేసి కుళాయిలకు పంపిన నీటి ద్వారానే సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. అంత ధనిక దేశంలో అట్లా ఉంటే, బెజవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు నగరం నడుమనుండి పల్లెలకు పోతుంటే, అదే నీటిలో గేదెలు పొర్లుతుంటే చెప్పేదేమున్నది? 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మురుగు, గొడ్లపాక, త్రాగునీరు ఒకే మడుగయ్యాయి. నీళ్ళు తెర్లేదాకా మరగనిచ్చి, చల్లార్చి త్రాగితే ఈ రెండు జీవులూ చస్తాయి.

కోతుల మాట. ఇంద్రకీలాద్రి, ఉండవల్లి, మంగళగిరి, కొండపల్లి ప్రాంతాల కోతులు మనుషులకు ఎంతో దగ్గరగా బ్రతుకుతున్నాయి. మనం పారేసిన ఇస్తరి నాకుతాయి, మన నీళ్ళ ట్యాంకులో దిగుతాయి. వాటి పేగుల్లో కూడా కొరడా పురుగులు, జియార్డియావంటివి ఉంటాయి. అయితే వాటికి అవి ఎక్కడివి? ఇక్కడ ఆఫ్రికా సంగతి ఒకటి చెప్పాలి. ఉగాండాలోని బ్విండి అడవిలో 1996లో కొండ గొరిల్లాలకు గజ్జి వచ్చింది. పశువైద్యురాలు గ్లాడిస్ కలెమా-జికుసోకా ఆరా తీస్తే అది పొరుగు పల్లెల మనుషుల నుండి వచ్చిందని తేలింది. చేలలో దిష్టిబొమ్మలకు తొడిగిన మాసిన బట్టలను అనుమానించారు. తరువాత ఆ ప్రాంతపు మనుషులలో, ఆవులలో, గొరిల్లాలలో జియార్డియా, క్రిప్టోస్పోరిడియం కూడా కనబడ్డాయి. ఆమె 2003లో ఒక సంస్థను స్థాపించి, గొరిల్లాల ఆరోగ్యాన్ని కాపాడటానికి పల్లె ప్రజల మరుగుదొడ్ల దగ్గర, చేతులు కడుక్కొనే నీళ్ళ దగ్గర పని మొదలుపెట్టింది. మాకు ఇది మిక్కిలి తెలివైన పని అనిపించింది.

మన దగ్గర కోతుల బెడద ఎక్కువైతే పట్టి వేరే కొండమీద వదిలివేయడం తెలిసిన ఉపాయం. దక్షిణ భారతదేశపు టోపీ కోతుల మీద 2018లో వెలువడిన ఒక పరిశోధన, ఇట్లా లెక్కాపత్రం లేకుండా తరలిస్తే వాటి పేగు పురుగులు కూడా కొత్త చోటికి తరలిపోతాయని హెచ్చరించింది. తరలించినవారికి ఈ ఆలోచన వచ్చి ఉండదు.

బహిర్భూమికి వెళ్ళేటప్పుడు గసికతో త్రవ్వి కప్పిపెట్టాలన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఉన్నదని మన పాఠకులకు తెలుసు. మరుగుదొడ్డి కట్టించుకొని అందులో కట్టెలు పేర్చుకొన్న ఇళ్ళు కూడా మన సంఘములలో ఉన్నాయి. ఆ కట్టెలు ముందు బయటికి తీయాలి. పెద్దవారు కాలవ గట్టుకు పోతూ పిల్లలకు మాత్ర మింగించడం వల్ల ఒరిగేది తక్కువ.

ఇంకా కొన్ని మాటలు, అవసరమైనవి. పారుకుంటున్న దూడను వేరుగా కట్టి, దాని పేడను కల్లాపికి వాడక గోతిలో వేయండి. పాక నుండి రాగానే సబ్బుతో చేతులు కడగండి. సబ్బు లేకపోతే బూడిదైనా సరే. కాళ్ళకు చెప్పులుండాలి, గట్టు మీదికైనా. కోతి కొరికిన జామకాయను చెక్కి తినడం మానండి. ట్యాంకుకు మూత బిగించండి. కోతికి చేత్తో అరటిపండు అందించే సరదా పిల్లలకు నేర్పవద్దు. గర్భిణులు మొదటి మూడు నెలలు పురుగుల మాత్ర వేసుకోరాదు. తరువాత డాక్టరు సలహాతో వేసుకోవచ్చు. పిల్లలకు బడిలో మాత్ర ఇచ్చే వారంలోనే పశువుల ఆసుపత్రికి వెళ్ళి, గొడ్లకు నట్టల మందు ఎప్పుడు పోయాలో, ఏది పోయాలో అడిగి రండి. పోయకముందు కొంచెం పేడ ఆకులో చుట్టుకొని వెళితే వారు పరీక్షించి చెబుతారు.